పండగ అదనుగా ఆన్‌లైన్ వల.. ఆదమరిస్తే ఖాతా ఖాళీ

ఏలూరు: సంక్రాంతి వస్తోందంటే పల్లెకు కొత్త కళ వస్తుంది. ఉద్యోగాల కోసం హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వెళ్లిన వారంతా సొంతూళ్ల బాట పడతారు. ఖరీఫ్ ధాన్యం అమ్మిన సొమ్ము రైతుల ఖాతాల్లో జమయ్యేదీ ఇంచుమించు ఈ రోజుల్లోనే. కొత్త బట్టలు, ప్రయాణాలు, పిండివంటలు, అల్లుళ్ల మర్యాదలు.. ఏడాదిలో మరెన్నడూ లేనంతగా చేతులు మారే ఈ డబ్బుపై సైబర్ నేరగాళ్ల కన్ను కూడా ఉంటుంది. పూర్వం తిరునాళ్లలో జేబుదొంగలు తిరిగేవారు. ఇప్పటి దొంగ ఎక్కడో వందల మైళ్ల దూరంలో కూర్చుని చరవాణిలోకి ఒక సందేశం పంపి ఊరుకుంటాడు. దాన్ని నొక్కితే కష్టార్జితం క్షణాల్లో మాయమవుతుంది.

దేశంలో 2023లో సైబర్ మోసాల వల్ల పౌరులు నష్టపోయిన మొత్తం రూ.7,465 కోట్లు కాగా, 2024లో అది రూ.22,845 కోట్లకు చేరిందని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు తెలిపింది. ఒక్క ఏడాదిలో మూడు రెట్లు పెరిగిందన్నమాట. పోయిన సొమ్ములో ఆడపిల్ల పెళ్లికి దాచుకున్నది, కౌలు చెల్లించాల్సినది, పదవీ విరమణ తర్వాత చేతికందినది కూడా ఉన్నాయి. ఏ కాలంలో ఏ తరహా మోసం జరుగుతుంది, దాన్ని గుర్తించేదెలా, చిక్కుకుంటే తక్షణం ఏం చేయాలి అన్న వివరాలతో ప్రత్యేక కథనం.

పండగలనే ఎందుకు ఎంచుకుంటారు?

మోసగాడికి కావలసినవి రెండే. ఒకటి తొందర, రెండోది ఎదురుచూపు. రైలు టికెట్ దొరకని వాడు తొందరలో ఉంటాడు. ప్రభుత్వ సాయం కోసం చూసే రైతు సందేశం కోసం ఎదురుచూస్తుంటాడు. ఎవరు దేనికోసం చూస్తున్నారో ఊహించి అదే పేరుతో సందేశం పంపితే నమ్మడం సహజం. మామూలు రోజుల్లో అనుమానం కలిగించే లింకు పండగ హడావుడిలో నిజమనిపిస్తుంది. పైగా వరుస సెలవుల్లో బ్యాంకు శాఖలు మూసి ఉంటాయి. అడిగి తెలుసుకునేందుకు మనిషి దొరకడన్న ధీమా కూడా నేరగాళ్లకు కలిసివస్తోంది.

ప్రయాణాల వేళ: నకిలీ టికెట్లు, రిఫండ్ వల

సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో రైళ్లు, బస్సులు నెలల ముందే నిండిపోతాయి. ‘తత్కాల్ టికెట్ ఖాయం’, ‘ప్రత్యేక బస్సులో సీట్లున్నాయి’ అంటూ సామాజిక మాధ్యమాల్లో ప్రకటనలు వెలువడతాయి. సగం సొమ్ము ముందుగా పంపమంటారు. పంపాక ఫోన్ మూగబోతుంది.

ఇంతకంటే ప్రమాదకరమైనది రిఫండ్ మోసం. టికెట్ రద్దు చేసుకున్న వారు కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతారు. అక్కడ నేరగాళ్లు పెట్టిన నంబరు కనిపిస్తుంది. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడి, ‘సొమ్ము వాపసు ఇస్తాం, ఈ యాప్ వేసుకోండి’ అంటారు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి యాప్‌లు స్వతహాగా తప్పుడువి కావు. దూరంగా ఉన్న కంప్యూటర్‌ను సరిచేయడానికి వాటిని రూపొందించారు. అపరిచితుడికి వాటి ద్వారా అనుమతి ఇస్తే మాత్రం మన తెరపై కనిపించేదంతా అతనికీ కనిపిస్తుంది. ఐఆర్‌సీటీసీ పేరిట నకిలీ యాప్ ఫైలు తిరుగుతోందని 2023 ఏప్రిల్‌లో ఆ సంస్థే ప్రయాణికులను హెచ్చరించింది.

టికెట్లకు ఐఆర్‌సీటీసీ, ఆర్టీసీల అధికారిక వెబ్‌సైట్లు, యాప్‌లనే వాడాలి. కస్టమర్ కేర్ నంబరును టికెట్‌పైనో, అధికారిక యాప్‌లోనో చూసుకోవాలి. రిఫండ్ ఏదైనా చెల్లించిన ఖాతాకే దానంతటదే వస్తుంది. దానికి పిన్, ఓటీపీ, కొత్త యాప్ ఏవీ అక్కర్లేదు.

దర్శనం టికెట్లు, వసతి గదులు

తిరుమల శ్రీవారి ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లకు ఏడాది పొడవునా గిరాకీయే. వైకుంఠ ఏకాదశి వేళ అది మరింత పెరుగుతుంది. దీన్ని ఆసరాగా తీసుకుని నకిలీ వెబ్‌సైట్లు, ‘సిఫారసుతో దర్శనం చేయిస్తాం’ అనే దళారులు పుట్టుకొస్తారు. తిరుమల తిరుపతి దేవస్థానం అధికారిక వెబ్‌సైట్ పేరు 2024 జనవరిలో ‘టీటీదేవస్థానమ్స్.ఏపీ.గవ్.ఇన్’గా మారింది. భక్తుల గుర్తింపు కార్డు వివరాలతోనే టికెట్లు జారీ అవుతాయి. ఒకరి పేరిట తీసుకున్న టికెట్ మరొకరికి చెల్లదు. కాబట్టి ఒక వ్యక్తి సొంత ఫోన్ నంబరుకు సొమ్ము పంపితే టికెట్ వస్తుందన్న మాటను నమ్మరాదు.

చార్‌ధామ్ యాత్రకు తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా ఎందరో వెళుతుంటారు. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు, సోమనాథ్ వంటి క్షేత్రాల్లో అతిథి గృహాల పేరిట నకిలీ వెబ్‌సైట్లతో మోసాలు జరుగుతున్నాయని కేంద్ర హోంశాఖ పరిధిలోని భారత సైబర్ నేరాల సమన్వయ కేంద్రం 2025 ఏప్రిల్‌లో హెచ్చరిక జారీ చేసింది. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లను ఐఆర్‌సీటీసీ నిర్వహించే ‘హెలీయాత్ర’ వెబ్‌సైట్‌లోనే తీసుకోవాలి.

వెబ్‌సైట్ చిరునామాను చివరి నుంచి వెనక్కు చదవడం అలవాటు చేసుకోవాలి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సైట్లు సాధారణంగా ‘డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగుస్తాయి. పేరు మధ్యలో ‘గవ్’ అని ఉండి, చివర ‘డాట్ కామ్’ లేదా ‘డాట్ ఆన్‌లైన్’ అని ఉంటే అది ప్రభుత్వ సైటు కాదు. రిజర్వు బ్యాంకు ఆదేశాల మేరకు బ్యాంకులు 2025 అక్టోబరు 31 నాటికి ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాల్సి వచ్చింది. బ్యాంకు పేరుతో వేరే ముగింపు ఉన్న లింకు వస్తే అనుమానించాల్సిందే.

దీపావళి కానుకలు, పార్శిళ్ల పేరిట

దసరా, దీపావళి రాయితీల కాలంలో ‘మీకు ఉచిత బహుమతి వచ్చింది, ఈ సందేశాన్ని పది మందికి పంపండి’ అన్న లింకులు వాట్సప్‌లో జోరుగా తిరుగుతాయి. ప్రసిద్ధ సంస్థల పేర్లు వాడుకుంటూ దీపావళి కానుకల ముసుగులో వ్యక్తిగత వివరాలు కాజేస్తున్నారని 2022 అక్టోబరులో జాతీయ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ అప్రమత్తం చేసింది. ఇక్కడ మోసం చేరవేసేది మన బంధుమిత్రులే కావడం విషాదం. పంపింది మేనమామే అయినా, లింకు తయారు చేసింది ఆయన కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

‘మీ పార్శిల్ చిరునామా అసంపూర్ణంగా ఉంది, స్వల్ప రుసుం చెల్లించి సరిచేసుకోండి’ అనేది మరో ఎత్తు. అడిగేది పాతిక రూపాయలే కదా అని కార్డు వివరాలు ఇస్తే, వారికి కావలసింది ఆ పాతిక కాదు, కార్డు వివరాలే. కొందరు డెలివరీ సిబ్బందిమంటూ ఫోన్ చేసి, స్టార్ 21 లేదా స్టార్ 401తో మొదలయ్యే సంఖ్యను డయల్ చేయమంటారు. అలా చేస్తే మనకు రావలసిన కాల్స్ వారికి మళ్లుతాయి. ఫోన్ ద్వారా వచ్చే ఓటీపీలు కూడా వారి చెవిన పడతాయి. పొరపాటున డయల్ చేసి ఉంటే ##002# నొక్కి ఆ మళ్లింపును రద్దు చేసుకోవచ్చు.

పెళ్లిళ్ల కాలంలో ‘శుభలేఖ’

మాఘం, ఫాల్గుణం, వైశాఖం.. ముహూర్తాలున్న మాసాల్లో శుభలేఖలు వాట్సప్‌లోనే వస్తున్నాయి. శుభలేఖ అంటే చిత్రమో, వీడియోనో, పీడీఎఫ్‌నో అయి ఉంటుంది. ఫైలు పేరు చివర ‘ఏపీకే’ అన్న అక్షరాలుంటే అది శుభలేఖ కాదు, ఫోన్‌లో చొరబడే యాప్. దాన్ని ఇన్‌స్టాల్ చేసుకుని, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే ఎస్సెమ్మెస్‌లు నేరగాళ్లకు చేరతాయి. ఓటీపీ ఎవరికీ చెప్పకపోయినా డబ్బు పోయిందని వాపోతున్న వారిలో చాలామంది విషయంలో జరిగేది ఇదే. అంతటితో ఆగక, బాధితుడి వాట్సప్ నుంచే అదే ఫైలు గ్రూపులన్నింటికీ వెళుతుంది.

ట్రాఫిక్ చలానా, కరెంటు బిల్లు, బ్యాంకు కేవైసీ పేర్లతోనూ ఇదే తంతు. తెలంగాణలో 2023 డిసెంబరు చివర పెండింగ్ చలానాలపై ప్రభుత్వం రాయితీ ప్రకటించగానే అచ్చం అసలు దాన్ని పోలిన నకిలీ వెబ్‌సైట్ వెలిసింది. పోలీసులు వాహనదారులను హెచ్చరించాల్సి వచ్చింది. ప్రభుత్వం ఏ రాయితీ, ఏ గడువు ప్రకటించినా దాని వెనుకే నకిలీ పుడుతుందని ఈ ఉదంతం చెబుతోంది.

రైతన్నలూ.. జాగ్రత్త

సాగు సాయం విడుదలయ్యే ముందు మోసపు సందేశాలు పల్లెలను ముంచెత్తుతాయి. పీఎం కిసాన్ కింద ఏడాదికి రూ.6 వేలు మూడు విడతలుగా జమవుతుంది. ‘ఈ-కేవైసీ చేయకపోతే విడత ఆగిపోతుంది, ఈ యాప్ వేసుకోండి’ అంటూ నకిలీ ఫైలు పంపుతారు. అన్నదాత సుఖీభవ, రైతు భరోసా, పంటల బీమా, రుణమాఫీ.. పథకం పేరు ఏదైనా వల అదే. రూ.2 వేల విడత కోసం నొక్కిన లింకు వల్ల ధాన్యం సొమ్మంతా పోయే ప్రమాదముంది.

ఈ-కేవైసీని పీఎం కిసాన్ అధికారిక వెబ్‌సైట్‌లో, ప్రభుత్వ యాప్‌లో లేదా కామన్ సర్వీస్ సెంటర్‌లో వేలిముద్రతో పూర్తి చేసుకోవచ్చు. సందేహముంటే 155261 నంబరును సంప్రదించవచ్చు. ఊళ్లోని వ్యవసాయ సిబ్బందిని అడగడం అన్నింటికంటే సులువు. ఆధార్ ఆధారిత చెల్లింపుల్లో వేలిముద్ర దుర్వినియోగం కాకుండా ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్‌కు తాళం వేసుకునే వీలుంది. అవసరమైనప్పుడు తెరిచి, పని కాగానే మళ్లీ వేసుకోవచ్చు.

ప్రవేశాలు, కొలువులు, ఆదాయపన్ను

మే నుంచి ఆగస్టు వరకు విద్యార్థుల తల్లిదండ్రులే లక్ష్యం. ‘మెడికల్ సీటు ఇప్పిస్తాం’, ‘ఉపకారవేతనం మంజూరైంది, ప్రాసెసింగ్ రుసుం చెల్లించండి’ అంటూ ఫోన్లు వస్తాయి. ర్యాంకు, హాల్‌టికెట్ నంబరు సరిగ్గా చెప్పినంత మాత్రాన నమ్మరాదు. ఆ వివరాలు బయట సంపాదించడం పెద్ద కష్టం కాదు. ఉపకారవేతనం ఇచ్చే ప్రభుత్వం ముందుగా రుసుం అడగదు.

సెలవుల్లో ఇంట్లో ఖాళీగా ఉన్న యువతకు ‘వీడియోలకు లైకు కొడితే డబ్బు’ అంటూ టెలిగ్రామ్‌లో ఎర వేస్తారు. మొదట నూటయాభై, రెండొందలు నిజంగానే ఇస్తారు. ఆ నమ్మకంతో వేలు, లక్షలు పెట్టించి చివరకు మొత్తం స్వాహా చేస్తారు. జీతమిచ్చే యజమాని పనివాడి దగ్గర పెట్టుబడి అడగడన్న చిన్న తర్కం ఇక్కడ పెద్ద రక్షణ.

ఆదాయపన్ను రిటర్నులు దాఖలు చేసే జులై ప్రాంతంలో ‘మీకు రిఫండ్ మంజూరైంది, ఖాతా సరిచూసుకోండి’ అన్న సందేశాలు వస్తాయి. పిన్, పాస్‌వర్డ్, కార్డు వివరాలను ఆ శాఖ ఎన్నడూ మెయిల్‌లో అడగదు. రిఫండ్ పరిస్థితిని ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోకి స్వయంగా వెళ్లి చూసుకోవాలి.

ఈ అయిదు సూత్రాలు మరవొద్దు

1. యూపీఐ పిన్ డబ్బు పంపడానికి, నిల్వ చూసుకోవడానికి మాత్రమే. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు.

2. యాప్‌లను ప్లేస్టోర్, యాప్‌స్టోర్‌ల నుంచే తీసుకోవాలి. అక్కడ కూడా తయారుచేసిన సంస్థ పేరు చూసుకోవాలి. వాట్సప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును తెరవరాదు.

3. ‘ఇప్పుడే చేయకపోతే ఆగిపోతుంది’ అని తొందరపెడితే ఫోన్ పెట్టేయాలి. నిజమైన కార్యాలయమైతే మన వద్ద ఉన్న నంబరుకు తిరిగి చేసినా పలుకుతుంది. బ్యాంకుల సేవా కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్ల శ్రేణిని కేటాయించారన్నది గమనించాలి.

4. వీడియో కాల్‌లో అరెస్టు చేసే అధికారం ఏ పోలీసుకూ, ఏ సీబీఐ అధికారికీ లేదు. ‘డిజిటల్ అరెస్టు’ అనేది చట్టంలోనే లేదు.

5. డబ్బు అడుగుతున్నది స్నేహితుడి ఖాతా నుంచే అయినా, ఒకసారి ఫోన్ చేసి గొంతు విన్నాకే పంపాలి. గొంతు విన్నా అనుమానం తీరకపోతే ఇంటివాళ్లకే తెలిసిన ఒక మాట అడగాలి.

ముందుజాగ్రత్తగా, యూపీఐకి ప్రత్యేకంగా ఒక చిన్న ఖాతాను కేటాయించుకుని అందులో ఖర్చులకు సరిపడా మాత్రమే ఉంచుకోవడం ఉత్తమం. పంట సొమ్ము, పొదుపు వేరే ఖాతాలో ఉంటే దొంగ చేతికి చిక్కేది చిల్లరే. కార్డుపై విదేశీ లావాదేవీలను, ఆన్‌లైన్ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో నిలిపివేసుకోవచ్చు.

మోసపోతే.. మొదటి గంటే కీలకం

సొమ్ము పోయిందని తెలియగానే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఇది 24 గంటలూ పనిచేసే జాతీయ సైబర్ నేరాల సహాయ కేంద్రం. ‘సైబర్‌క్రైమ్.గవ్.ఇన్’ వెబ్‌సైట్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. దోచిన సొమ్ము ఒకే ఖాతాలో ఉండదు. ఒకదాని నుంచి మరోదానికి చకచకా మారి, చివరకు ఏటీఎంలలో నగదుగా బయటికొస్తుంది. అలా బయటపడేలోపు ఫిర్యాదు అందితే మధ్యలోని బ్యాంకులను అప్రమత్తం చేసి సొమ్మును నిలిపివేయించే వీలుంటుంది. అందుకే ‘రేపు ఉదయం చూద్దాం’ అనుకోవడం దొంగకు మేలు చేయడమే.

ఫోన్ చేసేటప్పుడు ఈ వివరాలు దగ్గర ఉంచుకోవాలి: ఖాతా నంబరు, సొమ్ము పోయిన తేదీ, సమయం, మొత్తం, లావాదేవీకి సంబంధించిన 12 అంకెల యూటీఆర్ నంబరు, మోసగాడి ఫోన్ నంబరు లేదా యూపీఐ ఐడీ. సందేశాలను, కాల్ వివరాలను తొలగించకుండా స్క్రీన్‌షాట్లు తీసి భద్రపరచాలి. అనుమానాస్పద యాప్ వేసుకున్నట్లయితే ముందు మొబైల్ డేటా, వైఫై ఆపేసి, వేరొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు, 1930కి చెప్పాలి. పాస్‌వర్డ్‌లను కూడా మరో పరికరం నుంచే మార్చుకోవాలి. ఆధారాలు భద్రపరిచాక ఆ ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడం శ్రేయస్కరం. డబ్బు పోకపోయినా, అనుమానాస్పద కాల్స్, సందేశాలపై సంచార్ సాథీ పోర్టల్‌లోని ‘చక్షు’ విభాగంలో తెలియజేయవచ్చు. దీన్ని 2024 మార్చిలో ప్రారంభించారు.

బ్యాంకుకు చెప్పడంలోనూ జాప్యం తగదు. ఖాతాదారు తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా మూడో వ్యక్తి వల్ల జరిగిన అనధికార లావాదేవీలో, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే ఖాతాదారుపై భారం ఉండరాదని 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అదే, ఓటీపీ లేదా పిన్ తానే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసే వరకు జరిగిన నష్టం ఖాతాదారుదేనని, ఫిర్యాదు తర్వాత జరిగేది బ్యాంకుదని పేర్కొంది. తప్పు మనదే అనుకుని మౌనంగా ఉండిపోతే నష్టం పెరుగుతుందే తప్ప తగ్గదని దీన్నిబట్టి అర్థమవుతోంది.

నిలిపివేసిన సొమ్ము న్యాయస్థానం ఉత్తర్వులతో బాధితుడికి చేరుతుంది. తెలంగాణలో 2024లో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా పలువురికి సొమ్ము వాపసు ఇప్పించారు. అయితే ఫిర్యాదు చేయని వారికి ఈ దారి కూడా ఉండదు.

ఖాతా అద్దెకిస్తే కటకటాలే

‘నీ ఖాతాలో డబ్బు పడుతుంది, తీసి ఇస్తే కమీషన్ ఇస్తాం’ అన్న మాటలకు కొందరు విద్యార్థులు, నిరుద్యోగులు లొంగిపోతున్నారు. దోచిన సొమ్ము మొదట చేరేది ఇలాంటి ఖాతాలకే. పోలీసులు మొదట పట్టుకునేదీ ఈ ఖాతాల యజమానులనే. ఇతరుల్లా నటించి కంప్యూటర్, ఫోన్ ద్వారా మోసగిస్తే ఐటీ చట్టం 66డీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా పడే అవకాశముంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 318(4) సెక్షన్ కింద మోసానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్‌కార్డు ఎవరికీ అద్దెకివ్వరాదు.

ఇంటి పెద్దలకు చెప్పండి

పండగకు ఊరొచ్చిన పిల్లలు అమ్మానాన్నల ఫోన్‌ను ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడటం మంచిది. తెలియని యాప్‌లుంటే తొలగించాలి. ప్లేస్టోర్ బయటి నుంచి యాప్‌లు వేసుకునే అనుమతిని ఆపేయాలి. బ్యాంకు అసలు నంబరును, 1930ని పేర్లతో సహా భద్రపరచాలి. అన్నింటికంటే ముఖ్యంగా, ‘ఏదైనా పొరపాటు జరిగితే వెంటనే మాకు ఫోన్ చేయండి, ఏమీ అనం’ అని భరోసా ఇవ్వాలి. కోప్పడతారన్న భయంతో పెద్దలు దాచిపెట్టే ఆ కొద్ది గంటల్లోనే సొమ్ము చేయి దాటిపోతోంది.